ఎర్రదారం బాటిల్

ఆ ఇంట్ల నీళ్ల బాటిళ్లు నింపేది ఎప్పుడైనా తబస్సుమే. కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల నల్లా తెల్లారకముందే వస్తది, దానికంటె ముందు లేవాల్సింది కూడ ఆమెనే. ఆ రోజు మాత్రం ఒక బాటిల్ మూతకు ఎర్రదారం చుట్టి, ఇది నా రంగులకు, ఎవరు ముట్టొద్దని చెప్పింది. భర్త షకీల్ నవ్విండు. సముద్రం కాడికి పోతూ నీళ్లు మోసుకపోయేదాన్ని నిన్నొక్కదాన్నే చూసిన అన్నడు.

నవ్వితే నవ్వనీ. ఆ ప్రయాణం కోసం ఆమెకు ఎన్నేండ్ల ఆత్రమో. విశాఖ దాటినంక ఒక చిన్న రేవుల, సముద్రంలకు చొచ్చుకపోయిన బండ మీద కూసోని, ఒకప్పుడు ఒక పెద్ద చిత్రకారుడు నీటిరంగులతో అలల బొమ్మలు వేసేటోడు. డ్రాయింగు ట్రైనింగుల ఆ బొమ్మలు చూసినప్పటి నుంచి తబస్సుమ్‌ను ఒకటే పురుగు తొలుస్తాంది. అల విరిగే చోట ఆ పచ్చదనం ఎట్ల తెచ్చిండు? తెలుసుకుందామంటే టైమెక్కడిది? బడిల ఆమె డ్రాయింగు పీరియడును లెక్కల సారు అడగకుండనే తీసుకుంటడు. ఇంట్ల బ్రష్షు పట్టుకుంటే, ఖాళీగున్నవా బిడ్డా, జర చాయ్ పెట్టు అని అత్తమ్మ గౌసియా బేగం పిలుస్తది. కోపంగ కూడ కాదు, ప్రేమగనే. దానికే ఒళ్లు మండుతది. షకీల్ రైల్వే పాస్ మీద ఇన్నాళ్లకు ముగ్గురు బయల్దేరిండ్రు. మధ్యాహ్నం తిరుగు బండి దాకనే ఆమెకు గడువు. మళ్ల ఇంత దూరం ఎవరు తీసుకొస్తరు?

బండ ఎక్కంగనే ఆత్రంగ అటిటు చూసింది. ఆ చిత్రకారుడు ఇటు తిరిగి కూసున్నడా, అటు తిరిగా? కూసోని చూసింది, జరిగి చూసింది. కాయితం బిగించి సంచిల చెయ్యి పెడితే ఎర్రదారం బాటిల్ తేలిగ్గ పైకొచ్చింది. చుక్క లేదు. టిఫిను తిన్నంక షకీల్ ఆ నీళ్లతోటి కాళ్లకంటిన ఇసుక కడుక్కున్నడట.

"నీళ్లే కదనే. ఇంటికి పోయి ఏసుకో నీ బొమ్మ," అని వాళ్లమ్మ కాడికి నడిచిండు.

ఏడుపొచ్చింది. నిజంగనే వచ్చింది. పక్కన ఉడకబెట్టిన పల్లికాయలమ్మే ముసలామె ఏమైందని అడిగితే, తబస్సుమ్ కండ్లు తుడుచుకోని, ఇన్నేండ్లల్ల తనకు ఎన్నడు తట్టని సంగతి అడిగింది. మరి ఈడ బొమ్మలేసిన ఆయనకు మంచినీళ్లు ఎవరు తెచ్చేటోళ్లు?

"ఆళ్లావిడమ్మా. మెట్ట మీద నూతి కాడి నుంచి బిందెతో మోసేది. రంగు కలిసిపోతే పారబోసి మళ్లీ తెచ్చేది. మా అమ్మ సూసింది."

"ఆమె పేరేంది?"

ఆ పేరు తెల్వదన్నది ముసలామె. ఆయన పేరైతే అదిగో ఆ బోర్డు మీద ఉందన్నది.

తబస్సుమ్ బోర్డు దిక్కు చూసి, బండ దిగింది. ఉప్పునీళ్లతోటి రంగేస్తే ఏమైతది? ట్రైనింగుల అడిగితే కాయితం ఖరాబైతదని కసిరిండ్రు, వేసి చూపినోళ్లు లేరు. టిఫిను గిన్నె మూతల సముద్రాన్ని ముంచుకొచ్చి బ్రష్షు పెట్టింది. మొదట రంగు మామూలుగనే పారింది. ఎండకు ఆరుతుంటే మాత్రం, అరె, పచ్చదనం పలుకులు పలుకులుగ విడిపోయింది, నడుమల ఉప్పు తెల్లగ తేలింది. ఆయన బొమ్మల్ల లేని అల ఇది. నీలం ఎక్కువేస్తే ఏమైతదో చూద్దామని ఆమె ఇంకో కాయితం తీసింది.

అంతల షకీల్ వచ్చిండు. బండికి టైమైతాంది, అమ్మీకి దూపైతాంది, ఊళ్లె పంపు కాడికి పోయి నింపుకరా అని ఎర్రదారం బాటిల్ ఆమె ముందర పట్టిండు. ఆ చెయ్యి అట్ల చాపితే చాలు, ఆమె లేచేది.

ఇయ్యాల తలెత్తలేదు.

"పంపు ఏడున్నదో నీకు తెలుసు కద," అన్నది. "నువ్వే నింపుకరా. నాకొద్దు, నాకింత సముద్రమున్నది."