ఇవాళ ఆగిందా?

కుడి సీటు కింద మీట నొక్కి, సీటును ముందుకు జరుపుకుని, ఆయన నడుముకు బెల్టు బిగించుకున్నాడు. ఎడమ సీట్లో కూర్చున్న యువకుడికి ఏసీ చల్లదనంలోనూ నుదుటి మీద చెమట పట్టింది. ఇద్దరి ముందూ అద్దాల అవతల వాన, ఆ వానలో రన్‌వే దీపాలు. ఆ వాన ఇంతవరకూ ఎవరినీ తడిపింది లేదు. బయటినుంచి చూస్తే ఆ గది ఉక్కు కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద తెల్ల పెట్టె. లోపలికొస్తే మాత్రం అచ్చం విమానం ముక్కు. పైలట్ ఉద్యోగాలకు వెళ్ళబోయేవాళ్ళు ముందు అందులో తప్పులు చేసి నేర్చుకుంటారు.

చక్రాలు నేలకు తగిలినట్టు గది అదిరింది. యువకుడు రివర్సు మీటలు రెండూ పైకి లాగాడు. ఇంజన్ల పక్క తలుపులు తెరుచుకుని, వెనక్కి పోయే గాలి ముందుకు మళ్ళితే విమానం నెమ్మదిస్తుంది. తెరుచుకున్నాయో లేదో చెప్పడానికి ఇంజనుకొక చిన్న దీపం ఉంటుంది. ఎడమది ఆకుపచ్చగా వెలిగింది. కుడిది నల్లగానే ఉండిపోయింది.

"కుడిది తెరుచుకోలేదు. బ్రేకు," అన్నాడాయన.

యువకుడు రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. గది ముందుకు వంగింది. వంగిన గదిలో మనుషులు బెల్టుల మీదికి ఒరిగి, ఆగుతున్నాం అనుకుంటారు. రన్‌వే చివరి ఎర్ర దీపాలు అద్దం నిండా పెరిగి పెరిగి నిలిచిపోయాయి. విమానం ఆగింది.

"థాంక్స్ అంకుల్! మీరు చెప్పకపోతే నేను చూసుండేవాణ్ణే కాదు," అన్నాడు యువకుడు, చేతులు తుడుచుకుంటూ.

ఈ మాట ఆయనతో రోజూ ఎవరో ఒకరు అంటారు. అన్నప్పుడల్లా ఆయన తల ఊపి, కిటికీవైపు తిరిగి, లేని వానను చూస్తూ కూర్చుంటాడు.

ఆ కేంద్రంలో ఆయన్ని అందరూ కుడిసీటాయన అనేవారు. శిక్షణకు ఒంటరిగా వచ్చినవాళ్ళకు రెండో పైలట్ కావాలి కదా, ఆ రెండో పైలట్‌గా కూర్చోవడమే ఆయన ఉద్యోగం. చేయాల్సిన పనుల పత్రం చదవాలి, ఎత్తూ వేగమూ అంకెలు చెప్పాలి, దీపాలు చూడాలి. గొంతు పట్టకుండా ప్రతిసారీ ముందు ఒక దగ్గు బిళ్ళ నోట్లో వేసుకునేవాడు. వయసులో ఉన్నప్పుడు పైలటే కావాలనుకున్నాడు గానీ, చెవిలో ఏదో లోపం ఉందని వైద్యపరీక్షలో పక్కన పెట్టారు. అప్పటినుంచి గానుగెద్దులాగా ఎంత తిరిగినా ఉన్నచోటే ఉన్నాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. బస్సులో ఎవరైనా అడిగితే ఆఫీసులో పని అనేవాడు. అదీ అబద్ధం కాదు.

కొడుకు మాత్రం నిజం పైలటే అయ్యాడు. సరుకుల విమానంలో, కుడి సీట్లోనే. తొమ్మిదేళ్ళ కిందట ఒక వాన మధ్యాహ్నం ఆ విమానం రన్‌వే దాటి, కంచె తెంచుకుని కాలువలో పడింది. లోపల ఉన్నది ఇద్దరే. ఇద్దరూ పోయారు. కుడి ఇంజను రివర్సు తెరుచుకోలేదనీ, ఎడమ సీటాయన కళ్ళు రన్‌వే మీద ఉన్నాయి గనుక ఆ సంగతి కుడి సీటే చెప్పి ఉండాల్సిందనీ, కుడి సీటు నుంచి ఏ మాటా రాలేదనీ దర్యాప్తువాళ్ళు తేల్చారు. దర్యాప్తు ఆఫీసు వరండాలో ఎడమ సీటాయన భార్య వచ్చి, కొడుకును పోగొట్టుకున్న తల్లి ముఖం మీదే అనేసింది: "మీవాడు నోరు తెరిచి ఉంటే మా ఆయన బతికేవాడు."

ఆ ఒక్క మాటతో ఇల్లు మూగబోయింది.

సంవత్సరం తిరక్కుండానే ఆ ప్రమాదం శిక్షణలో ఒక పాఠమైంది. అదే వాన, అదే రన్‌వే, అదే నల్ల దీపం. దాన్ని ఏడో పాఠం అనేవారు. అది ఎవరి చావో తెలిసిన పాతవాళ్ళు ఒక్కొక్కరే బదిలీలకూ పింఛన్లకూ వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళకు అది పాఠం, అంతే. ఆయన అక్కడ ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

ఆ పాఠం మొదటిసారి నడిచిన రోజు ఆయన కొడుకు సీట్లో కూర్చుని, కొడుకు అనని మాట అన్నాడు. విమానం ఆగింది. ఆ రోజు ఏ పాఠం నడుస్తుందో భార్యకు పొద్దునే చెప్పి వెళ్ళాడు. ఇంటికెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె అన్నం ముట్టి అప్పటికి చాలా పూటలైంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఆగిందా?"

ఆయన చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఆగలేదు. చెప్పినా ఆగలేదు. తడి అలాంటిది."

ఆ పూట ఆమె రెండు ముద్దలు తిన్నది. ఆ రెండు ముద్దల కోసం ఆయన ఎనిమిదేళ్ళు అబద్ధమాడాడు. ప్రతి సాయంత్రం ఆమె "ఇవాళ ఆగిందా?" అనడం, ఆయన "ఆగలేదు" అనడం. తర్వాత టీవీ పెట్టుకోవడం. ఆ ఇంట్లో కొడుకు గురించి ఇంతకుమించి మాట లేదు. పగలు ఆగిన ప్రతి విమానమూ ఆయన చెవిలో ఒకే సంగతి చెప్పేది: వాడు ఒక్క మాట అంటే చాలేది. దాన్ని మింగి, రాత్రికి అరిగించుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు.

ఒక సాయంత్రం మాత్రం ఆమె అలవాటు ప్రశ్న అడగలేదు. కూరగాయలు తరుగుతూ, "రేపు నేనూ వస్తాను. వెనకాల ఒక కుర్చీ ఉంటుందన్నారుగా," అంది.

"నీకు కళ్ళు తిరుగుతాయి."

"తిరిగితే తిరగనివ్వండి."

"ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోడు."

"అడిగి చూడండి. కాదంటే మానేస్తాను."

కాదంటాడనే ఆశతోనే ఆయన మర్నాడు పొద్దున అడిగాడు. ఇన్‌స్ట్రక్టర్ మంచివాడు, అదే వచ్చిన చిక్కు. "దానికేం సార్, రమ్మనండి! మధ్యాహ్నం రేపు పరీక్షకు వెళ్ళే అమ్మాయి సెషన్‌లో కూర్చోబెడదాం. మేడమ్‌కి మీ పనేంటో చూపించాల్సిందే," అని ఆయన భుజం తట్టాడు.

ఆ అమ్మాయి ఏడో పాఠంలో అప్పటికే రెండుసార్లు కాలువలో పడింది. కుడిసీటాయన చెప్పిన తర్వాత కూడా కంగారులో బ్రేకు సగమే తొక్కింది. ఇవాళా అలాగైతే రేపటి పరీక్షకు పంపేది లేదని ఇన్‌స్ట్రక్టర్ తెగేసి చెప్పాడు. నోరు విప్పితే భార్య ముందు ఎనిమిదేళ్ళ అబద్ధం బయటపడుతుంది. విప్పకపోతే ఈ పిల్ల మునుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, ఏమీ తినకుండానే మూత పెట్టేశాడు.

ఆమె చెప్పిన వేళకే వచ్చింది. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, ఇస్త్రీ చీర, చేతిలో చిన్న సంచి. తెల్ల పెట్టెకు వేసిన ఇనుప వంతెన మీద కమ్మీ పట్టుకుని నెమ్మదిగా నడిచి లోపలికి వచ్చింది. కుడి సీటుకు తల ఆనించే దిండు మీద చేయి వేసి, వేడి గిన్నె తాకినట్టు వెంటనే తీసేసుకుంది.

"ఇంత ఇరుగ్గా ఉంటుందా?" అంది.

"పడకండి ఆంటీ, కూర్చోండి," అంటూ అమ్మాయి ఆమెకు బెల్టు పెట్టింది. "నా డ్రైవింగ్ చూసి భయపడకండేం! ఇక్కడ పడినా దెబ్బలు తగలవు."

"తగలవామ్మా?" అంది ఆమె.

అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు.

తలుపు మూశారు. వంతెన లేచింది. గది కాళ్ళ మీద ఒకసారి కదిలి, గాల్లో ఉన్నట్టు సన్నగా వణకసాగింది. వెనకనుంచి ఇన్‌స్ట్రక్టర్ వానను పెంచాడు. ఆయన పత్రం చదివాడు. ఎత్తులు చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. వెనక కుర్చీలో ఆమె ఊపిరి మాత్రం ఆయనకు వినిపిస్తోంది. డాక్టర్లు పనికిరాదన్న ఆ చెవికి, ఇంజన్ల మోత దాటుకుని మరీ వినిపిస్తోంది. రన్‌వే దీపాలు దగ్గరయ్యాయి. చెప్పేద్దాం అనుకున్నాడు. ఎంతైనా ఈ పిల్ల బతికుంది, రేపు దీని వెనక నిజంగా మనుషులు కూర్చుంటారు. చెప్పేద్దాం.

చక్రాలు తగిలాయి. అమ్మాయి మీటలు లాగింది. ఇంజన్లు హోరెత్తాయి. ఎడమది ఆకుపచ్చ. కుడిది నలుపు.

ఆయన నోరు తెరిచాడు. దీపం కనిపిస్తోంది, మాట నాలుక మీదే ఉంది, అయినా రావడం లేదు. ఇన్ని వందలసార్లు అలవోకగా అన్న మాట. కూర్చున్నది తను కాదు, వాడు. వాడికి కనబడింది. వాడికి తెలుసు. వాడు చెప్పాలనే అనుకున్నాడు. ఎర్ర దీపాలు పరుగెత్తుకొస్తున్నాయి.

"కుడిది తెరుచుకోలేదు! బ్రేకు!"

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. అమ్మాయి ఎవరన్నారో చూడలేదు, రెండు కాళ్ళూ బిగించి తొక్కింది. గది ముందుకు వంగింది. అందరూ బెల్టుల మీదికి ఒరిగారు. ఎర్ర దీపాలు అద్దం నిండా పెరిగి ఆగిపోయాయి.

ఇన్‌స్ట్రక్టర్ గట్టిగా నవ్వాడు. "సార్, మీ ఉద్యోగానికి ఎసరొచ్చింది! మేడమ్‌ని రేపటినుంచి పెట్టేసుకుంటాను." అమ్మాయి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తూనే నవ్వుతోంది. మాట ఎవరన్నా బ్రేకు తొక్కింది ఆ అమ్మాయే గనుక రేపు పరీక్షకు రమ్మన్నాడు ఇన్‌స్ట్రక్టర్. కుడిసీటాయన నల్ల దీపాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆయన భుజం మీద ఒక చేయి పడింది. ఈసారి ఆమె దాన్ని వెంటనే తీసేసుకోలేదు.

బస్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయినా లేవలేదు.

"ఆ మాట నీకెలా తెలుసు?" అన్నాడాయన చివరికి.

"రోజూ నిద్రలో అంటారుగా. అన్నాక కాసేపటికి ఒక నిట్టూర్పు విడుస్తారు. ఆగనిదానికి ఎవరూ అలా నిట్టూర్చరండీ."

ఆయన తల వంచుకున్నాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఏడాదే తెలిసింది."

"మరి రోజూ ఎందుకడిగావే?"

ఆమె సంచి పిడిని వేలికి చుట్టుకుని, విప్పుకుంది. "ఏదో ఒక రోజు ఆగిందని చెబుతారేమో, ఇద్దరం కలిసి ఏడుద్దామని."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నలుగురూ తిరిగే చోట ఏడ్చాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, "వాడు చూసుకోలేదని కాదే. ఇవాళ నాకూ రాలేదు. కనబడుతూనే ఉంది. నోరు రాలేదంతే," అన్నాడు.

"తెలుసు. మీ ముఖం అద్దంలో కనబడుతూనే ఉంది," అంది ఆమె. "వాడి ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. పిచ్చి నాన్న, ఎంత భయపడ్డాడో."

తర్వాతి బస్సుకు ఇద్దరూ ఎక్కారు.

మర్నాడు ఆయన పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాలు నొప్పో జ్వరమో అనుకుని ఇన్‌స్ట్రక్టర్ ఇంటికి ఫోన్ చేశాడు. ఆమె తీసింది.

"ఇక రారు బాబూ. ఒంట్లో బాగానే ఉంది. ఇంట్లోనే ఉన్నారు, మాట్లాడుకుంటున్నాం," అంది. ఆమె వెనక ఆయన గొంతు వినిపించింది. ఎవరో చిన్నవాడి అల్లరి పని ఏదో చెబుతూ మధ్యలో నవ్వుతున్నాడు. కుడిసీటాయన నవ్వు ఎలా ఉంటుందో ఇన్‌స్ట్రక్టర్ వినడం అదే మొదలు.

వారం తిరిగేసరికి ఆ ఉద్యోగానికి కొత్త మనిషి వచ్చాడు. ఆ కొత్తాయన రాకముందు మెకానిక్ కుడి సీటు తుడిచి, పక్కనున్న గుడ్డ సంచిలో చేయి పెట్టాడు. దగ్గు బిళ్ళల పొట్లం ఒకటి చేతికి తగిలింది. బిళ్ళలు ఇంకా చాలానే ఉన్నాయి. అన్నిటికంటే పైనున్న దాని కాగితం ఎవరో విప్పి, నోట్లో వేసుకోకుండానే మళ్ళీ జాగ్రత్తగా చుట్టి పెట్టారు.