కోయని ఫ్రేము

హైదరాబాదు కార్వాన్‌లో నగీనా పిక్చర్స్ గోదాము ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. లోపల ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మూడు గదుల నిండా రేకు డబ్బాలు, డబ్బాల నిండా పాత నలుపు తెలుపు సినిమాల నెగటివ్‌లు. వాటికి కాపలా, వైద్యం, చాకిరీ అన్నీ అజ్మత్ అలీయే. పాతికేళ్ల వయసులో చేరాడు, అరవై నాలుగు వచ్చినా అక్కడే ఉన్నాడు. నెగటివ్ కోయడం, అతకడం నేర్పిన ఉస్తాద్ మొదటిరోజే ఒట్టు వేయించుకున్నాడు. ఇది అమానత్, మనల్ని నమ్మి అప్పగించిన సొత్తు, యజమాని చెప్పందే ఒక్క ఫ్రేము కూడా కోయరాదు అని. దాదాపు నలభై ఏళ్లలో అజ్మత్ అలీ ఆ మాట తప్పలేదు. నిజాయితీకి ఎవరో వచ్చి శాలువా కప్పుతారనుకునేంత అమాయకుడేం కాదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

ఆ డబ్బాల్లో ఒకదాంట్లో ఆయన కూతురుంది.

1974లో మొఘల్‌పురాలో ఒక పాత ఇంట్లో షూటింగు. నాలుగేళ్ల నుజహత్ మేనమామ చంకెక్కి తండ్రికి అన్నం డబ్బా తెచ్చింది. వేషం వేయాల్సిన పిల్ల కెమెరాను చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే, డైరెక్టరు విసిగిపోయి నుజహత్ చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చాడు. మెట్లు దిగి వచ్చి హీరోయిన్‌కు గ్లాసు అందించాలి, తల ఎత్తి చూడాలి. ఇరవై రెండు సెకన్లు. ఆ సినిమా పేరు చెప్పినా మీకు గుర్తుండదు, రెండు వారాలే ఆడింది. అది విడుదలయ్యే లోపలే టైఫాయిడ్ వచ్చి పిల్ల పోయింది. అజ్మత్ అలీ తండ్రి ఇంట్లో ఫొటో అన్న మాటే ఎత్తనిచ్చేవాడు కాదు గనుక, ఆ బిడ్డ రూపం ఈ భూమ్మీద ఆ సినిమా ఐదో రీలులో తప్ప ఎక్కడా మిగల్లేదు. భార్య ఇక్బాలున్నీసా సినిమాకు రానంది. పోయిన పిల్ల నడుస్తుంటే చూడలేనంది. ఆయన మాత్రం చూడగలిగాడా? ఏటా రీళ్లు తుడిచేటప్పుడు ఐదో రీలు దగ్గర తల పక్కకు తిప్పుకునేవాడు.

ముప్పై రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు మేనేజరు వైకుంఠం కొత్త మిషనొకటి చంకన పెట్టుకుని గోదాముకు వచ్చాడు.

"అజ్మత్ భాయ్, గిప్పుడు లోకంల రెండు గుంపులున్నయ్. ఎర్ర డబ్బావోల్లు, నీలం డబ్బావోల్లు. ఎర్రది హెచ్‌డీ డీవీడీ, నీలంది బ్లూ-రే. ఒగల ప్లేటు ఇంకొకల్ల మిషన్ల నడువది. ఎవల దిక్కు సినిమాలు ఎక్కువుంటె జనం వాల్ల మిషనే కొంటరు. అందుకే సినిమా కంపెనీలను ఎగవడి ఎగవడి పట్టుకుంటున్రు."

"మనతోని ఏం పని వాల్లకు?"

"లెక్కకు కావాలె గద! మన సేట్ ఎర్రోల్లకు దస్కత్ పెట్టిండు. పైసా తీసుకోకుంట ముప్పై సినిమాలు స్కాన్ జేస్తరంట."

రీళ్లు మద్రాసు వెళ్లి, స్కానయ్యి, క్షేమంగా తిరిగొచ్చాయి. 2007 మొదట్లో పరీక్ష చూసుకోమని ఎర్ర డబ్బాలో కొన్ని ప్లేట్లు వచ్చాయి. వైకుంఠం పక్కన కుర్చీ వేసుకుని, నోటుబుక్కు పట్టుకుని, అజ్మత్ అలీ వాటిలో కూతురున్న సినిమా మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే భార్యతో అన్నాడు.

"ఇక్బాల్, ఇయ్యాల మన పోరిని చూసిన. మొన్న తీసినట్టుంది బొమ్మ."

తిడుతుందేమోనని భయపడ్డాడు. ఆమె తిట్టలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"జీ, నాగ్గూడ చూపియ్యుండ్రి." మెల్లగా అంది. "ఎవలకు చెప్పలే గని, దాని మొకం మర్చిపోయిన. గొంతు యాదికుంది, తల వాసన యాదికుంది. మొకం యాదికొస్తలేదు. నా గుండె సంగతి డాక్టర్ చెప్పిండు గద. రేపు అల్లా దగ్గర నా బిడ్డను నేనే గుర్తు వట్టకపోతె ఎట్ల?"

కన్నతల్లి అంత మాట అన్నాక ఇంకేం మిగిలిందని? అజ్మత్ అలీ, ప్లేట్లు మార్కెట్లోకి రాగానే ఒకటి అడిగి తెస్తానని, ఆ మిషను కూడా వైకుంఠాన్ని బతిమాలి ఒక్కరోజుకు ఇంటికి తెస్తానని మాటిచ్చాడు.

పెద్ద చేప చిన్న చేపను మింగడం చెరువుకు కొత్త కాదు. ఆ ఎండాకాలంలో ముంబైలోని ఒక పెద్ద స్టూడియో నగీనాను కొనేసింది. వాళ్లకు కావాల్సింది పెద్ద హీరోల సినిమాలు రెండు, మిగిలినవి వాటి వెంట పోయాయి. ఆ పెద్ద స్టూడియో నీలం గుంపులో ఉంది. ఒక్క సంతకంతో, ఒక్క పూటలో, నగీనా సినిమాలన్నీ ఎర్ర పక్షం నుంచి నీలం పక్షానికి మారిపోయాయి. ఎర్రవాళ్ల జాబితాలోంచి ముప్పై పేర్లు కొట్టేశారు. వైకుంఠాన్ని ఇంటికి పంపించారు. అజ్మత్ అలీ పెద్దగా బెంగపడలేదు. పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది గాని పిల్ల మారుతుందా? ఎర్ర డబ్బా కాకపోతే నీలం డబ్బాలో వస్తుందనుకున్నాడు. అక్కడే ఆయన పప్పులో కాలేశాడు.

డిసెంబరులో ముంబై వాళ్ల తరఫున రఘురామ్ అనే ఆఫీసరు వచ్చాడు. గుంటూరు మనిషి, మర్యాదస్తుడు.

"అలీగారూ, నెలాఖరుకల్లా గోదాము ఖాళీ చేసేయాలండీ. పెద్ద హీరోల నెగటివ్‌లు ముంబై పంపేద్దాం. స్కాన్ అయిపోయినవి వెండి తీసేవాళ్లకు ఇచ్చేయడమే. జాబితా మీరే రాయండి, మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అన్నట్టు, ఆ ఎర్ర ప్లేట్లూ మిషనూ వాళ్లకు తిప్పి పంపేయండి."

"స్కాన్లు పదిలంగున్నయి గద సాబ్?"

"ఎక్కడికి పోతాయండీ, కంప్యూటర్లో ఉంటాయిగా."

అజ్మత్ అలీ ప్లేట్లను గుడ్డతో తుడిచి, మిషనుతో పాటు పార్సిల్ కట్టి, రసీదు తెచ్చి ఇచ్చాడు. తర్వాత కూర్చుని జాబితా రాశాడు. తన కూతురున్న సినిమా ఎదురుగా తన చేత్తోనే 'స్కాన్ అయినది, కరిగించవచ్చు' అని రాశాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఇక్బాలున్నీసా అడిగింది. "ఎట్లన్న పారేసేదే గద. పోరి ఉన్న కాడ ఒక్క ముక్క కోసి తేండ్రి."

"కంపెనీ హుకుం కరిగియ్యుమని, కొయ్యిమని కాదు. అమానత్‌ల చెయ్యి వెట్టమంటవా ఈ వయసుల? అయినా నెగటివ్‌ల మొకం నల్లగ, జుట్టు తెల్లగ, దయ్యం లెక్క కనవడ్తది. ఎండకాలానికి ప్లేటొస్తది. నడుస్తుంటెనే చూస్తువు తియ్."

ఆమె ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

మూసీ ఒడ్డున నర్సింహ పాకలో పాత ఫిల్ములను సోడా నీళ్ల తొట్లలో నానబెట్టి, బొమ్మ ఉన్న పొరను ఊడదీసి, అందులోంచి వెండి తీస్తారు. డబ్బాలు దించాక నర్సింహే అడిగాడు.

"భాయ్, ఏమన్న ఉంచుకుంటవా? అందరు యాదికి రెండు ముక్కలు కోసుకపోతరు. కత్తెర ఈడనే ఉన్నది."

ఐదో రీలు అజ్మత్ అలీ చేతిలోనే ఉంది. వెలుతురుకు ఎత్తి చూసే పని కూడా లేదు, ఆ చోటు వేళ్లకు తెలుసు. మూరెడు ముక్క తగ్గినంత మాత్రాన ముంబై మేడలేం కూలవు. ఆ మాట ఆయనకూ తెలుసు. కత్తెర వైపు ఒకసారి చూశాడు.

"కంపెనీ సరుకు నర్సింహా. ఉన్నదున్నట్టు అప్పజెప్పాలె," అని రీలు తొట్టి పక్కన పెట్టి వచ్చేశాడు.

2008 ఫిబ్రవరిలో పేపర్లో ఒక మూల చిన్న వార్త పడింది. పెద్ద పెద్ద స్టూడియోలు ఒక్కొక్కటే నీలం వైపు పోవడంతో ఎర్ర డబ్బా వాళ్లు చేతులెత్తేశారట. అజ్మత్ అలీ రెండు బస్సులు మారి బేగంపేటలో రఘురామ్ ఆఫీసుకు వెళ్లాడు. మన ప్లేట్లు నీలం డబ్బాలో ఎప్పుడొస్తాయని అడిగాడు. రఘురామ్ ఇబ్బందిగా కదిలాడు.

"ఆ స్కాన్లు మనవి కావటండీ. ఎర్ర డబ్బా వాళ్లు తమ ఖర్చుతో చేసుకున్నవి, వాళ్లవే. కొనుక్కుంటారా అని అడిగితే, పాతవాటికి గిరాకీ ఉండదని ముంబై వాళ్లు వద్దన్నారు. మొన్న మద్రాసు ల్యాబు మూసేస్తూ అన్నీ తుడిచేశారట. నాకూ తర్వాతే తెలిసిందండీ."

"పరీక్షకు వచ్చిన ప్లేటు?"

"మీరే కదండీ పార్సిల్ కట్టి పంపారు."

అక్కడినుంచి ఆయన మూసీ ఒడ్డుకు ఎలా చేరాడో ఆయనకే తెలియదు. పాక ముందు తాళ్ల మీద ఫిల్ము ఆరేసి ఉంది. బారులు బారులుగా, అద్దంలా తెల్లగా ఉంది. గాజులు చేసేవాళ్లు కొనుక్కుపోతారని నర్సింహ చెబుతున్నాడు. అజ్మత్ అలీ ఒక్కో బారూ వేళ్లతో తడుముతూ పోయి, తన చేతి అతుకులు ఆనవాలు పట్టాడు. ఐదో రీలే. అతుకులు ఎక్కడివక్కడే గట్టిగా ఉన్నాయి. వాటి మధ్య ఫ్రేముల్లో ఏమీ లేదు. ఎత్తి చూస్తే అవతల మూసీ కనిపించింది.

"ఎన్కటి సరుకు గద భాయ్, ఎండి మంచిగనే ఎల్లింది," అన్నాడు నర్సింహ.

ఇంటికి వెళ్లేసరికి ఇక్బాలున్నీసా నమాజు ముగించి చాప చుడుతోంది. దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాడు. కత్తెర సంగతి కూడా చెప్పాడు. శాపనార్థాలు పెట్టినా బాగుండేది. ఆమె ఆయాసపడుతూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పోనియ్యుండ్రి. మీరన్న చూసిన్రు గద. మీరు చెప్పుండ్రి, నేను కండ్లు మూసుకోని చూస్త. ఎట్లొచ్చింది?"

"మెట్లు దిగొచ్చింది. గ్లాసు రెండు చేతులతోని పట్టుకున్నది. నీల్లు తొనకలే."

"మొకం? ఎవల పోలిక? మీ అమ్మదా, నాదా?"

గ్లాసు సంగతి షూటింగు నాటి జ్ఞాపకం, ముఖం అజ్మత్ అలీకీ ఏనాడో చెరిగిపోయింది. ప్లేటు చూసిన రోజు మెట్ల మీద పిల్ల పాదం కనపడగానే ఆయనకు ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన వైకుంఠం ఉన్నాడు. పరాయివాడి ముందు ఏడవడానికి సిగ్గేసి, బొమ్మకు కుడి అంచున వణుకుతున్న సన్నటి గీత మీద చూపు పెట్టి, పిల్ల వెళ్లిపోయేదాకా అక్కడే ఉంచాడు. నోటుబుక్కులో 'ఐదో రీలు, కుడి పక్క గీత' అని రాసుకున్నాడు. ప్లేటు ఎలాగూ ఇంటికొస్తుంది, ఇద్దరం కూర్చుని తీరిగ్గా చూద్దామనుకున్నాడు.

"చెప్పుండ్రి."

"గీత వడ్డది ఇక్బాల్, కుడి దిక్కు. నేను దాన్నే చూసిన."

ఆమె కళ్లు తెరిచింది.

"మీరొక్కలే చూసిన్రని ఏడాదిసంది లోపల్లోపల కుల్లుకున్న," అంది. "ఇద్దరం చూడలేదన్నట్టు."