ఆవిరి వంగిన వైపు

వీరమ్మ టీ కాస్తుంటే తొందరపెట్టగల మగాడు హంసలదీవి పల్లెలో ఇంకా పుట్టలేదు. పోటు తప్పిపోతోందే అని మొగుడు కోటిలింగం గుమ్మంలో గంతులు వేసినా, తెడ్డు భుజాన వేసుకుని తమ్ముడు రత్తయ్య దగ్గుతూ నిలబడినా, ఆవిడ పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు.

అది గంజాయాకు టీ. పేరు వినగానే చిలుం పట్టుకున్న బైరాగులు గుర్తొస్తే ఆ తప్పు వీరమ్మది కాదు. పల్లెలో దాన్ని ఆకు టీ అనేవారు. సముద్రం మీది చలి ఎముకల్లోకి దిగకుండా పెద్దవాళ్ళు గ్లాసుడు తాగేవారు, పిల్లలకు మాత్రం చుక్క కూడా పోసేవారు కాదు. నీడన ఎండిన ఆకును వీరమ్మ గోరువెచ్చని నీళ్ళలో వేసి, పచ్చటి నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా పిసికి కడిగేది. గట్టిగా పిండి, చెంచాడు నేతిలో పచ్చివాసన పోయేదాకా వేయించేది. వట్టి నీళ్ళలో కాస్తే గడ్డి రుచి తప్ప ఏమీ దిగదని ఆమె గట్టి నమ్మకం. అందుకని గేదెపాలు మీగడతో సహా పోసి, మిరియాలూ శొంఠీ దంచి వేసి, సరుగుడు పుల్లల సన్నసెగ మీద పెట్టేది. పాలు గిన్నె అంచున వణకాలి గానీ పొంగకూడదు. తాటిబెల్లం దించిన తరవాతే వెయ్యాలి, ముందే వేస్తే పాలు విరిగిపోతాయి. ఆ సంగతి తెలియక పక్కింటి అంకమ్మ ఎన్ని గిన్నెలు పారబోసిందో!

బట్టలో వడకట్టి రెండు సత్తు గ్లాసుల్లో పోసి, ఇది మా ఆయనది, ఇది మా తమ్ముడిది అనుకుంటూ అరుగు మీద పెట్టేది. అవి పోశాకే వాళ్ళు గుమ్మం దాటాలి, తాగేది మాత్రం వేట నుంచి తిరిగొచ్చాకే. పొద్దున పోసిన టీ సాయంత్రానికీ పొగలు కక్కుతూనే ఉండేది. వీరమ్మ ఎవరి పేరున పోస్తే వాళ్ళు తాగేదాకా ఆ టీ చల్లారదు. వాళ్ళెక్కడుంటే ఆవిరి అటే వంగి ఉంటుంది, గాలి ఎటు వీచినా సరే. దూరం పోయేకొద్దీ ఇంకా కిందికి వాలుతుంది. ఆవిరి కాస్త లేవగానే వీరమ్మ అన్నానికి ఎసరు పెట్టేది. నిటారుగా నిలబడిందంటే మగాళ్ళు వాకిట్లోకి వచ్చినట్టే. అంకమ్మ కూడా తన మొగుడు ఎంతసేపట్లో వస్తాడో ఆ గ్లాసులు చూసే లెక్క వేసుకునేది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు కార్తీకంలో ఒకనాడు మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. పొద్దుగూకేలోగా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, వీళ్ళ తెప్ప ఒక్కటే రాలేదు. వీరమ్మ రాత్రంతా గ్లాసుల మీద చెంగు కప్పి కూర్చుంది. మామగారు సముద్రంలో పోయినప్పుడు ఆయన గ్లాసు ఆమె చేతిలోనే ఐసుగడ్డలా అయిపోయింది. ఆ చల్లదనం ఆమె వేళ్ళకు ఇంకా గుర్తుంది.

తెల్లవారి చెంగు తీసేసరికి రెండు గ్లాసులూ కాలుతున్నాయి. ఇద్దరూ బతికే ఉన్నారు! వీరమ్మ కేక పెడితే పల్లె మొత్తం వాకిట్లో పోగైంది. అప్పుడు చూసింది అంకమ్మ.

"ఇదేంటే వీరమ్మా! రెండూ రెండేపులు తిరిగాయి?"

నిజమే. రత్తయ్య ఆవిరి సముద్రం కేసి, మడ అడవుల వైపు వంగి ఉంది. కోటిలింగం ఆవిరి ఉత్తరాన ఊళ్ళ కేసి వాలి ఉంది.

"నీ మొగుడు గట్టెక్కి రోడ్డు పట్టాడే! బామ్మర్దిని నీళ్ళలో వదిలేసి!" అంది ఎవరో.

తల్లి పోయాక రత్తయ్యను ఒళ్ళో పెట్టుకుని పెంచింది వీరమ్మే. వాణ్ణి మొదటిసారి వేటకు తీసుకెళ్ళిన రోజున, "నీ తమ్ముణ్ణి నా కళ్ళల్లో పెట్టుకు తీసుకొత్తానే," అని మాటిచ్చింది ఆ మొగుడే.

పెద్ద పడవ ఉన్న కోదండరామయ్య తువ్వాలు తలకు చుట్టుకుంటూ ముందుకొచ్చాడు. "గట్టు మీదున్నోడికి తొందరేం లేదమ్మా. నీళ్ళలో ఉన్నోడి సంగతి చూద్దాం, పద."

"పద మావా," అని వీరమ్మ తమ్ముడి గ్లాసు చెంగుతో పట్టుకుని పడవెక్కింది.

మడ అడవిలోకి వెళ్ళడమంటే మాటలు కాదు. ఒక పాయ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అన్నీ ఒకలాగే ఉంటాయి. పైగా నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి, ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది. వీరమ్మ ముందు కూర్చుని "కుడికి మావా! ఇంకా కుడికి! అయ్యో, దాటిపోయాం, వెనక్కి!" అని కేకలు పెడుతుంటే, కోదండరామయ్య చెమటలు కారుస్తూ గడ వేశాడు. పుట్టి బుద్ధెరిగాక పడవలో ఒక ఆడమనిషి చెప్పినట్టు తిప్పడం ఆయనకు అదే మొదటిసారి. ఆ మాట పైకి అనే తీరిక కూడా లేకపోయింది. వాడి ఊపిరిలాగే ఆవిరీ సన్నబడుతోంది. నూలుపోగంత అయ్యింది.

"ఒరే తమ్ముడూ! రత్తయ్యా!"

ఇంకో మలుపు తిరగ్గానే నూలుపోగు చివుక్కున లేచి నిటారుగా నిలబడింది. తల పైకెత్తితే మడచెట్టు కొమ్మల మధ్య, పంచె ముక్కతో తనను తాను కట్టేసుకుని, రత్తయ్య!

దించి పడవలో పడుకోబెట్టి, తల ఒళ్ళోకి తీసుకుని వీరమ్మ గ్లాసు పెదాలకు ఆనించింది. మొదటి గుటక పక్కకు కారిపోయింది. రెండోది దిగింది. మూడోదానికి వాడు కళ్ళు తెరిచి, "మిరియం ఎక్కువైందక్కా," అన్నాడు. వీరమ్మ నవ్వుతూ ఏడ్చింది. గ్లాసు చల్లబడింది.

ఇంటికొచ్చి గంజి తాగి కాస్త తేరుకున్నాక రత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "బావేడి?" వీరమ్మ రెండో గ్లాసు చూపించింది. ఆవిరి పొద్దుటికంటే ఇంకా కిందికి వాలి, గ్లాసు అంచును రాసుకుంటోంది. మనిషి దూరమవుతున్నాడు. అంచు దిగిపోయేంత దూరం వెళ్తే ఏమవుతుందో వీరమ్మకూ తెలియదు.

"పారిపోయాడ్రా మీ బావ."

"బావ అలాంటోడు కాదక్కా. నేనూ వత్తాను."

కోడూరు దాకా ఎడ్లబండి, అక్కణ్ణించి బస్సు. కండక్టరు జ్ఞానయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఆ టీ తాగేసి ఎక్కమ్మా. జనం మీద ఒలుకుద్ది."

"నాది కాదు బాబూ. మా ఆయనది."

"ఆయనేడి మరి?"

"అది ఈ గ్లాసే చెప్పాలి."

జ్ఞానయ్య వంగి ఆవిరి కేసి చూశాడు. "ఉత్తరం. మన బస్సూ అటే," అని ముందు సీట్లో కూర్చున్నాయన్ని లేపి చోటిప్పించాడు. అవనిగడ్డ దాటింది, చల్లపల్లి దాటింది. ఆవిరి కొద్దికొద్దిగా లేస్తుంటే బస్సులో జనం కబుర్లు మానేసి దాన్నే చూడసాగారు. ఒకాయన చల్లపల్లిలో దిగాల్సిన వాడు దిగనే లేదు.

పామర్రు సెంటర్లో బస్సు ఆగీ ఆగకముందే ఆవిరి పక్కకు తిరిగింది. తిరిగి, అప్పుడే కదులుతున్న గుడివాడ బస్సు వెంట పడింది.

"అందులో ఉన్నాడు!" అని బస్సు మొత్తం అరిచింది.

రత్తయ్య దూకి పరిగెత్తాడు. పొద్దుటిదాకా చెట్టుకు వేలాడిన మనిషి ఎలా పరిగెత్తాడో మరి! వెనక వీరమ్మ, గ్లాసు తొణక్కుండా, అయినా పరుగే. జ్ఞానయ్య నోట్లో విజిల్ పెట్టుకుని ఊపిరి ఉన్నంత సేపు ఊదాడు. తన బస్సు కాకపోయినా విజిల్ విజిలే గనుక గుడివాడ డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"బావా!"

కోటిలింగం కిటికీలోంచి చూశాడు. మొహం తెల్లబోయింది. కిందికి దిగి, రత్తయ్య మొహం కేసి కాదు, పాదాల కేసి చూశాడు. వేళ్ళు ముందుకే ఉన్నాయని ఖాయం చేసుకున్నాక, దయ్యం కాదని తేలాక, రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఏవయ్యా, ఎక్కడికయ్యా పోతన్నావు?" అంది వీరమ్మ.

"గుడివాడ. మిల్లులో బస్తాలు మోసుకు బతుకుదామని." అన్నాడు కోటిలింగం. "తెప్ప విచ్చిపోయిందే. ఒక్క దుంగ మిగిలింది. వీడి చెయ్యి గట్టిగానే పట్టుకున్నాను. అల మీద అల. చూసేసరికి నా చేతిలో వీడి చెయ్యి లేదు. బందరు పడవోళ్ళు నన్ను ఒక్కణ్ణే లాగి బందర్లో దింపారు. ఏం మొహం పెట్టుకుని నీ గుమ్మంలోకి రమ్మంటావే? నేనే వదిలేశాను."

రత్తయ్య బావ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వెక్కడ వదిలావు బావా? దుంగ మునిగిపోతంది. ఇద్దర్నీ మొయ్యదని తెలిసిపోయింది. నువ్వు వదలవు గదా, నేనే నీ వేళ్ళు ఒక్కోటీ విడదీసుకున్నాను."

వీరమ్మ ఆ మాట విని, గ్లాసు జ్ఞానయ్య చేతిలో పెట్టి, తమ్ముడి వీపు మీద రెండు చేతులతో దబదబా బాదింది. బాదుతూనే వాణ్ణి కావలించుకుంది. మొగుణ్ణి కూడా లాక్కుంది. పామర్రు సెంటర్లో ఎరిగినవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది, మామూలుగా ఆమెకు బజార్లో మొగుడి పక్కన నిలబడాలన్నా సిగ్గే.

"చెయ్యి కాలిపోతందమ్మా, ఎవరిదో తీసుకోండి!" అన్నాడు జ్ఞానయ్య. కోటిలింగం గ్లాసు అందుకుని, ఏడుస్తూనే, చివరి చుక్కదాకా తాగాడు.

తిరుగు ప్రయాణంలోనూ జ్ఞానయ్య బస్సే ఎక్కి, ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కున్నారు. జ్ఞానయ్య టిక్కెట్లు ఇవ్వబోతే కోటిలింగం ఎడమచెయ్యి చాపాడు. "కుడిచెయ్యి ఏమైందయ్యా?" అని జ్ఞానయ్య కసిరి, కిందికి చూసి ఊరుకున్నాడు. ఆ చెయ్యి నిద్రపోతున్న రత్తయ్య మణికట్టును పట్టుకుని ఉంది.