మేనమామ ముద్ద

నా కొడుకు పోశాలు తిండి దగ్గర నన్ను పెట్టినంత పరేషాన్ ఏ బిడ్డా ఏ తల్లినీ పెట్టి ఉండడు. వాడు కూర్చోవడం నేర్చేసరికి నాకు పాలు ఎండిపోయాయి. ఎట్లా ఎండవు? ఊళ్ల మీద పోలీసు క్యాంపులు పడ్డ కాలం. పొయ్యి మీద కుండ పెడితే అది ఉడికేలోగా కంది చేలోకి పరుగెత్తి దాక్కోవాలి. పాలు రాక వాడు రొమ్ము కొరికేవాడు. జొన్న గటుక మెత్తగా ఉడికించి, మజ్జిగ కలిపి వేలితో నాకిస్తే నాలుకతో బయటికి నెట్టేవాడు. మా అత్త గట్టమ్మ నమిలి పెట్టినా ఉమ్మేశాడు. బెల్లం రాసి పెడితే బెల్లం మట్టుకు నాకి, గటుక ఆవిడ మొహం మీదికి ఊదాడు.

"వీడు నవాబుగారి మనుమడే యాకమ్మా. పలావు వండు," అనేది అత్త మొహం తుడుచుకుంటూ.

వాడి నోరు తెరిపించినవాడు మా అన్న ఓదెలు ఒక్కడే. మా అత్తగారిది జనగామ తాలూకా, తల్లిగారిది మానుకోట దిక్కు. మాలో బిడ్డకు తొలి ముద్ద మేనమామ పెట్టాలి. కబురు పంపితే వచ్చిన అన్న వరికోతలున్నాయని మా దగ్గరే ఆగిపోయాడు. సాయంత్రం పని నుంచి రాగానే అరుగు మీద గొంతుక్కూర్చుని, నాలుక అంగిట్లో కొట్టి, కోడిపెట్ట పిల్లల్ని పిలిచినట్టు "క్కొ క్కొ క్కొ" అనేవాడు. పోశాలు కోడి ఎక్కడుందా అని నోరు తెరిచేవాడు. ముద్ద లోపల పడేది. అదే చప్పుడు నేను చేస్తే మూతి బిగించేవాడు.

"నీది కోడి గాదు చెల్లె, గద్ద లెక్క ఉన్నది. పోరడు జడుసుకుంటుండు," అని అన్న నవ్వేవాడు.

నా పెనిమిటి కట్టయ్య దళంలో తిరిగేవాడు. కొడుకు పుట్టాక వాణ్ని పట్టుమని ఎత్తుకున్నది లేదు. ఆ కోతల్లోనే ఆయనకు చలిజ్వరం తగిలి, అడవిలో నడవలేక ఇల్లు చేరాడు. గడ్డం తీయించి, తలకు రుమాలు చుట్టి కూలీల్లో కలిపేశాం.

ఆయన రాకముందే ఉప్పు అమ్మేవాడొకడు నాలుగు రోజులు మా వాడకట్టులో తిరిగి వెళ్లాడు. మా అరుగు మీద ఒక మగమనిషి రోజూ బిడ్డకు గటుక తినిపించడం వాడు చూశాడు. మొహం కనబడలేదు, వీపే కనబడింది. వాడు క్యాంపు మనిషని మాకేం తెలుసు? కట్టయ్య రోజూ ఇంటికొచ్చి కొడుక్కి తినిపిస్తున్నాడని పోయి చెప్పాడు.

కట్టయ్య ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చారు. ముందు గడ్డివాముకు నిప్పు పెట్టారు. మగవాళ్లనందరినీ కొట్టుకుంటూ తెచ్చి కళ్లంలో వరుసగా కూర్చోబెట్టారు. కట్టయ్య ఎవరో చూపించమని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. మొదట మా పక్కింటి పౌలును తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. పళ్లు ఊడి వరికుప్ప మీద పడ్డాయి. ఆయన వాటి వంక చూసి, మూతి నెత్తురు చేత్తో తుడుచుకున్నాడు.

నన్ను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. బిడ్డ నా చంకలో ఉన్నాడు.

"నీ మొగుడెవడే?" అన్నాడు జమేదారు. కోస్తా మాట.

"ఊర్ల లేడు దొరా."

"లేడూ? మరి నీ బిడ్డకి రోజూ తినిపించేదెవడు?"

ఎవరో అన్నను చూసి కట్టయ్య అనుకున్నారని నాకు అప్పుడు అర్థమైంది. "మా అన్న" అనడానికి నోరు తెరిచాను. మాట రాకముందే భుజం మీద తుపాకీ మడమ దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. ఆ చెయ్యి ఈనాటికీ పైకి లేవదు.

"మా ఇంట్లోనూ ఇలాంటి వెధవ ఒకడున్నాడు," అన్నాడు జమేదారు పోశాలును లాక్కుంటూ. "నా చేత్తో పెడితే తప్ప ముట్టడు. వీడే చెబుతాడు తండ్రెవడో."

మా ఇంట్లోంచే గటుక గిన్నె తెప్పించాడు. ఎవరి చేతా తినకపోతే అందరూ కట్టయ్యలేనని, అందర్నీ కాల్చేస్తానని చెప్పి, పోలీసులను తుపాకులు ఎక్కుపెట్టి నిలబడమన్నాడు.

వరుసలో ఒక్కొక్కడూ ముద్ద పెట్టాలి. పౌలు వేళ్లకున్న నెత్తురు గటుకకు అంటింది. బిడ్డ మొహం తిప్పేశాడు. పౌలును మళ్లీ కొట్టారు. ఆ పక్కవాడికీ తిప్పేశాడు. వాడి చెయ్యి బూటు కింద నలిపారు. కట్టయ్య వంతు వచ్చింది. జ్వరంతో కాలుతున్న చేత్తో ముద్ద చాచాడు. కన్నకొడుకు ఆయన్ని చూసి, అందరికన్నా ఆయన్నే చూసి, గుక్కపట్టి ఏడ్చాడు.

"బూచాణ్ణి చూసినట్టు జడుసుకుంటున్నాడేరా," అని జమేదారు నవ్వి, కట్టయ్యను బూటుతో వరుసలోంచి అవతలికి తన్నాడు.

చివరికి మిగిలింది అన్న. అన్న పొగచూరిన కళ్లతో తుపాకుల వంక చూశాడు. అవతల పడి ఉన్న బావను చూశాడు. నన్ను చూశాడు. వద్దని నేను తల ఊపాను. గొంతుక్కూర్చున్నాడు.

"క్కొ క్కొ క్కొ."

పోశాలు ఏడుపు మధ్యలోనే నవ్వాడు. నోరు తెరిచాడు. నిన్నటి నుంచి ఆకలి మీద ఉన్నాడేమో, గిన్నె అడుగు దాకా తిన్నాడు. అన్న తొందరపడలేదు. ఒక్కో ముద్దా చల్లార్చి పెట్టాడు. తువ్వాలతో వాడి మూతి తుడిచాడు.

"నేనే కట్టయ్యను. పోరన్ని వాని తల్లికియ్యున్రి," అన్నాడు.

మండుతున్న వాము పక్కనే కాల్చారు. ఒక గుండుకు ప్రాణం పోలేదు. రెండోది తలలో దింపారు.

జమేదారు శవం వంక చూడలేదు. నా చేతుల వంక చూస్తున్నాడు. "మొగుడు చచ్చాడు గదే, గాజులేంటి అలాగే ఉన్నాయి?" అన్నాడు.

ఎట్లా పగలగొట్టుకుంటాను? పెనిమిటి ప్రాణంతో నా ముందరే తల దించుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లలోంచి మా అత్త లేచింది. "కొడుకా, కట్టయ్యా" అని అన్న మీద పడి గుండెలు బాదుకుంది. తర్వాత నన్ను ఈడ్చుకుపోయి, నా రెండు చేతులూ కళ్లంలోని బండకేసి కొట్టింది. విరిగిన భుజమని కూడా చూడలేదు. గాజుముక్కలు మణికట్టులో దిగాయి. కొడుకు బతికుండగా ఆ తల్లే నా బొట్టు చెరిపింది.

"ఏడువు, పెనిమిటి సచ్చిండు, ఏడువు," అని అందరికీ వినబడేటట్టు అరిచి, చెవిలో అంది: "మీ అన్న కోసమే ఏడువు బిడ్డా. ఎవనికి ఎరుక?"

ఏడ్చాను. వాళ్లు నమ్మి వెళ్లిపోయారు.

సాయంత్రానికి పోశాలుకు మళ్లీ ఆకలి. ఒంటి చేత్తో గటుక కలిపాను. మూతి బిగించాడు. అడవికి బయల్దేరబోతున్న కట్టయ్య వాడి ముందర గొంతుక్కూర్చుని, నాలుక అంగిట్లో కొట్టి చూశాడు. ఎండిన నోట్లో చప్పుడు పుట్టలేదు. అప్పుడు నేను చేశాను. నాది గద్ద చప్పుడే. కాదనడానికి అన్న లేడు. వాడు చాలాసేపు నన్నే చూసి, ఏమనుకున్నాడో నోరు తెరిచాడు.

ముద్ద మింగి, కోడి కోసం అరుగు వైపు చూశాడు.