తొలకరి ఎవరు పెట్టిన పేరు

పాపను తొట్టెలలో వేసే రోజు పంతులుగారు లెక్క చూసి, విశాఖ నక్షత్రం కాబట్టి ‘తో’ అక్షరంతో పేరు పెట్టమన్నారు. సూర్యాపేటలో సులోచన ఇంటినిండా చుట్టాలు. ఒక్కరికీ పేరు తోచలేదు.

“తో మీద ఏం పేర్లుంటయయ్యా? తోటమ్మనా?” అని అత్త భద్రమ్మ విసుక్కుంది. భర్త రాజేందర్ ఫోన్‌లో వెతికి పెదవి విరిచాడు.

“తొలకరి” అంది సులోచన. అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

పంతులుగారు “భేష్, ఇదీ చెల్లుతుందమ్మా” అన్నారు. రాజేందర్ వంగి పాప చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పాడు. ఆపుదామని సులోచన నోరు తెరిచింది. అప్పటికే అందరూ అక్షింతలు వేస్తున్నారు.

ఆ పేరు ఆమెది కాదు. తోడికోడలు రోజాది. రోజా, మరిది సాయికిరణ్ కోదాడలో ఉంటారు, ఆ రోజు రాలేదు. అంతకు ముందు ఏడాది మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాల దగ్గర రోజా ఆమె చెవిలో చెప్పింది. “కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే మొదటి వాన పడిందక్కా. ఆడపిల్లే పుడుతుంది చూడు. తొలకరి అని పిలుస్తాను. ఎవరికీ చెప్పకు.” ఏడో నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్లే. పుట్టిన కాసేపటికే పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రోజాకు తనే ఫోన్ చేసి చెప్పాలని సులోచన అనుకుంది. ఈ పూట కాదు, ఆ పూట అనుకుంటూ ఉండగానే రాజేందర్ పాప ఫోటోను పేరుతో సహా కుటుంబం గ్రూపులో పెట్టేశాడు. రోజా దండం బొమ్మ ఒక్కటే పంపింది.

పేరు మాత్రం అందరి నోళ్లలో పడింది. “మంచిగుంది, ఎట్ల తట్టింది నీకు?” అని అడిగితే మొదట నవ్వి ఊరుకునేది. తర్వాత్తర్వాత “ఊకెనే తట్టింది” అనడం అలవాటైంది. తిరుమలగిరిలో ఆడబిడ్డ వరసామె తన మనవరాలికి అదే పేరు పెట్టింది. ఎదురింటి ధనలక్ష్మి కూడా తన కూతురి బిడ్డకు అదే పెట్టించింది. ఆ పిల్లల్ని ఎవరైనా పేరు పెట్టి పిలిచినప్పుడల్లా సులోచన అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేది.

పాప మొదటి పుట్టినరోజుకు సాయికిరణ్, రోజా వచ్చారు. ధనలక్ష్మి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రోజా పక్కనే ఉండగా అంది. “గింత సక్కటి పేరు మీ అక్కకు ఎట్ల తట్టిందో ఏమో!”

రోజా చేతిలోని గ్లాసు వైపే చూస్తోంది. సులోచనకు ఇక అబద్ధం రాలేదు.

“నాకు తట్టలే పిన్ని. గది రోజా అనుకున్న పేరు, ఆమె బిడ్డకు. నేను అడగకుంట పెట్టుకున్న.”

“పండుగ పూట గియ్యన్ని ఎందుకే?” అని భద్రమ్మ గొణిగింది. రోజా లేచి వంటింట్లోకి వెళ్లింది. సులోచన వెనకే వెళ్లింది.

“అందరి ముందూ ఎందుకన్నావక్కా?”

“తప్పు జేసిన రోజా. రేపే మున్సిపాలిటీకి పోయి పేరు మార్పిస్త.”

“ఏం మారుస్తావ్? పిలిస్తే తల తిప్పి చూస్తోంది అది.” రోజా గ్లాసు కడుగుతూనే ఉంది. “మా పాపని నాకు చూపించలేదు. ఎట్లా ఉందో కూడా తెలీదు. ఆ పేరొక్కటే నా దగ్గర మిగిలింది. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో, ఇవ్వకపోదునేమో. అడగాల్సింది కదా.”

“నన్ను తిట్టరాదు జర.”

“తిడితే నీకు తేలికవుద్ది. నేను తిట్టను.”

కేకు కోయగానే సాయికిరణ్, రోజా బస్సుకు బయలుదేరారు. పేరు మారుస్తానంటే రాజేందర్ ఒప్పుకోలేదు. రోజా వద్దన్నాక సులోచన కూడా పట్టుపట్టలేకపోయింది. కానీ ఆనాటి నుంచి ఎవరు అడిగినా “మా చెల్లె తన బిడ్డకు అనుకున్న పేరు. ఆ బిడ్డ దక్కలే” అనే చెప్పింది. భద్రమ్మ తిట్టినా మానలేదు. చెప్పిన ప్రతిసారీ సిగ్గుగానే ఉండేది.

వారానికోసారి కోదాడకు ఫోన్ చేసేది. “బాగున్నావా?” అంటే “బాగున్నా” అనేది రోజా, అంతే. ఒక ఆదివారం ఫోన్ పెట్టేయబోతూ రోజా ఆగింది.

“నడుస్తోందా?”

“గోడ పట్టుకొని నడుస్తది” అంది సులోచన.

“గోడ వదిలేశాక చెప్పు” అని రోజా ఫోన్ పెట్టేసింది.