బ్యాంకు వరసలో చేపల బేసిన్

నేను ఒక సిలవరు బేసిన్ని. నన్ను చేసినవాడు అంచు సరిగ్గా మడవలేదు. అయినా పదేళ్లు కొర్లమ్మ నెత్తిన దర్జాగా ఊరేగాను. తెల్లారకముందే సముద్రపు ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, ఎండెక్కేలోగా కాలనీల్లో అమ్ముకోవడం ఆవిడ పని. ఇల్లు గడిచేది దానిమీదే.

పెద్దనోట్లు చెల్లవని ప్రకటించిన మర్నాడు కాలనీలో వింత జరిగింది. పది రూపాయల కోసం అరగంట గీచి గీచి బేరమాడే అమ్మగార్లు నోరెత్తకుండా ఐదొందలకి సరిపడా తూయించుకున్నారు. అన్నీ పాత నోట్లే. "బ్యాంకులో మారుస్తారులేవే" అన్నారు. "ఈయేళ బేరాలంటే బేరాలే!" అని కొర్లమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

ఎనిమిది నోట్లు. ఆవిడ పెట్టుబడంతా అదే. మర్నాడు ఒడ్డున చేపలమ్మే పడవ యజమాని వాటిని ముట్టుకోలేదు. "ఇయ్యి నానేటి సేసుకోనప్పా?" అన్నాడు.

ఇక బ్యాంకు. వరసలో చోటు కోసం అందరూ చెప్పులూ ఇటుకలూ పెట్టి నీడకి పోయారు. కొర్లమ్మ నన్ను పెట్టింది. చెప్పుల్ని ఎవరూ కదపలేదు. నా దగ్గర నీచు వాసనని ఒక పెద్దమనిషి నన్ను మాత్రం కాలితో పక్కకి తన్నాడు.

"ఇదేటి బాబూ, అది నా సోటు!"

"ఇది బ్యాంకా, చేపల బజారా?"

రెండు రోజులు అలా వెనక్కి వెళ్లాం. మూడోనాడు కిటికీ దాకా వస్తే డబ్బయిపోయిందన్నారు. ఐదోనాడు రెండు గులాబీ నోట్లు చేతికొచ్చాయి. వాటితో చేపలు కొంటే, కాలనీలో అందరి చేతుల్లోనూ ఆ రెండువేల నోట్లే, చిల్లర ఎవరిదగ్గరా లేదు. సాయంత్రానికి చేపలు కుళ్లాయి. గొయ్యి తవ్వి పూడ్చిపెట్టింది. పెట్టుబడీ వాటితోనే పోయింది. ఇంత చేసి ఎవర్ని తిట్టాలో కూడా తెలియకపోవడం నాకు మరీ చిరాకు.

కూలి పనులూ దొరక్క, పది రోజులు ఎలాగో నెట్టుకొచ్చి, చివరికి నన్ను పాత సామాన్ల కొట్టుకి తెచ్చింది. అతను తూచి, "రెండొందలకి మించదు. నీ మొహం చూసి ఐదొందలిస్తున్నా. పాత నోటే, బ్యాంకులో మార్చుకో" అన్నాడు.

కౌంటరు దగ్గర నోట్లు మార్చడం నిన్నటితో ఆపేశారని అతని రేడియో పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. కొర్లమ్మ వచ్చేసరికి దాన్ని ఆపేశాడు. జమ చేసుకుందామన్నా ఆవిడకి బ్యాంకులో ఖాతా కూడా లేదు.

"సల్లగుండు నాయనా" అని అతనికి దండం పెట్టి, నోటు కొంగున ముడేసుకుని, కొర్లమ్మ గబగబా బ్యాంకు వైపు నడిచింది.