మూడో క్లిప్పు

రేపల్లెలో స్నేహలత టీచరు ఇంటి గోడ ముందు స్టూలెక్కి, ప్రేమ్ కుమార్ సుత్తి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. తోటలో క్రోటన్ మొక్కల మధ్య చిన్న దీపాలు పెట్టాలి. వాటికి వెళ్ళే కేబులు ఈ గోడ వెంబడే, కిటికీ సజ్జ కింద నుంచి పోవాలి. తెనాలి నుంచి రావటానికి గంట పట్టింది. ఈ గోడ దగ్గరికి రావటానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

అప్పుడతను వెంకట్రామయ్య మేస్త్రి దగ్గర కరెంటు పని నేర్చుకుంటున్నాడు. టీచరుగారి నాన్న డేనియల్ గారు క్రిస్మస్ నక్షత్రం కోసం ఇదే గోడకు వైరు వేయించుకున్నారు. మూడో క్లిప్పు కొడుతుంటే మేకు జారి వైరు తొడుగులోకి దిగింది. ప్రేమ్ కుమార్ మేకు పీకి, గాయం మీదే క్లిప్పు బిగించేశాడు. మేస్త్రి మెట్ల మీద టీ తాగుతున్నాడు. ఆయనకి చెప్పలేదు. ఆ తరువాత వాన పడిన ప్రతిసారీ అతనికి ఈ గోడే కళ్ళ ముందు కదిలేది.

"ఏంటన్నయ్యా, గోడతో మాట్లాడుతున్నారా?" స్నేహలత కాఫీ గ్లాసుతో వచ్చింది.

"ఇది మా మేస్త్రి వేసిన వైరండి. తీసేయాలి."

"తీసేయండి. మెయిన్ ఆపేశాను."

మూడో క్లిప్పు ఊడదీశాడు. కింద గాయం లేదు. వేలితో అటూ ఇటూ తడిమాడు. తలెత్తి చూస్తే తెలిసింది: మిగతా వైరంతా నలుపు, గోడకున్న కరెంటు డబ్బా నుంచి మూల దాకా, మూడో క్లిప్పు కింద ఉన్న ముక్క మాత్రం బూడిదరంగు. డబ్బాలోకి వెళ్ళేముందు ఆ ముక్క కిందికి వంగి, మళ్ళీ పైకి లేచింది. వాన నీరు లోపలికి పోకుండా అక్కడే రాలిపోవాలని మేస్త్రి పెట్టే వంపు. బాపట్ల సముద్రపు గాలిలో పని చేస్తూ తనకు నేర్పిన వంపు.

"ఈ ముక్క ఎవరు మార్చారండి?"

"మీ మేస్త్రిగారే. మీరు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. ఏమైందని నాన్నగారు అడిగితే, 'నా చేతి పొరపాటండి' అన్నారు. ఆ తరువాత నాన్నగారు ఆయన్ని మళ్ళీ పిలవలేదు."

ప్రేమ్ కుమార్ స్టూలు దిగి దాని మీదే కూర్చున్నాడు.

వెంకట్రామయ్యకు ఒక అలవాటు ఉండేది. ఏ ఇంట్లోనైనా పని ముగించి సంచి సర్దే ముందు అడిగేవాడు: "ఏరా ప్రేమూ, చెప్పాల్సింది ఏమైనా ఉందా?" "లేదండి" అనేవాడు ప్రేమ్ కుమార్. పెద్దాయన చాదస్తం అనుకునేవాడు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ ప్రశ్న రేపల్లె పని తరువాతే మొదలైంది. పన్నెండేళ్ళు అడిగాడు. మంచాన పడ్డాక, చివరిసారి చూడబోయినప్పుడూ అడిగాడు. అప్పుడూ అదే జవాబు.

తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది. ఆయన అడుగుతూనే పోయాడు. భయం వల్ల దాచానని ప్రేమ్ కుమార్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మొదటి రోజు భయమే కావచ్చు. మిగతా పన్నెండేళ్ళూ ఏమిటి?

"టీచరుగారూ, ఆ పొరపాటు ఆయనది కాదండి. మేకు దించింది నేను. దాచిందీ నేనే."

స్నేహలత స్టూలు దగ్గరికి వచ్చింది. "ఈ ముక్క చెప్పటానికి ముప్పై ఏళ్ళు పట్టిందా? పాపం, ఆ పెద్దాయనకి చెయ్యి తిరగలేదని నాన్నగారు ఊరంతా చెప్పారు." కాఫీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. "తాగండి, చల్లారిపోతోంది."

అతను మళ్ళీ స్టూలెక్కాడు. ఒక్కో క్లిప్పు దగ్గరా మేకు సగం దించి ఆగాడు, కేబులు నలగలేదని చూసుకుని మిగతా సగం దించాడు. డబ్బా దగ్గర వంపు పెట్టాడు. పొద్దుగూకే వేళకు క్రోటన్ ఆకుల కింద దీపాలు వెలిగాయి. స్నేహలత ఫోనులో ఫోటోలు తీసుకుంటోంది. సంచి సర్దబోతూ ప్రేమ్ కుమార్ ఆగిపోయాడు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

"టీచరుగారూ, ఇంకొకటి చెప్పాలండి. మూలన క్లిప్పు కొడుతుంటే గోడ పెచ్చు రూపాయి బిళ్ళంత ఊడింది."

"చూశానండి," అంది స్నేహలత ఫోను దించకుండానే. "చెబుతారా లేదా అనే చూస్తున్నాను."